డ్రమ్స్: లెన్ హెడ్లీ

ప్లిమత్,
12 జనవరి 2016

ఎర్నీ బాబాయ్ గారికి,

నేను జనీన్‌ని. మీ అన్న లెన్ హెడ్లీ కూతుర్ని. మనం కలుసుకున్నది రెండే సార్లు, రెండుసార్లూ మీరు నాతో పెద్దగా మాట్లాడలేదు కాబట్టి గుర్తుండకపోవచ్చు. ఫోన్ చేద్దామనుకున్నాను. మీకు చెవులు పూర్తిగా పోయాయని, ఫోన్ కూడా తీయించేశారని తెలిసి ఉత్తరం రాస్తున్నాను.

మీ పాత బ్యాండు కోల్డ్ రివెట్స్ గురించే. 1973లో లండన్ థియేటర్‌లో జనం ముందు వాయించిన కచేరీని రేడియో వాళ్ళు ఆ ఏడాది ఏప్రిల్‌లో ప్రసారం చేశారు కదా. ఎవరో రేడియో ముందు టేప్‌రికార్డర్ పెట్టి పట్టుకున్న దొంగ కాపీలు ఇన్నాళ్ళూ జర్మనీలో, జపాన్‌లో అమ్ముడయ్యాయట. ఇప్పుడు లండన్‌లో ఒక చిన్న కంపెనీకి రేడియో వాళ్ళ అసలు టేపు దొరికింది. అన్ని అనుమతులతో, సక్రమంగా, రికార్డుగా విడుదల చేస్తారట. ఫిన్లే అనే అబ్బాయి నన్ను వెతుక్కుంటూ ఫోన్ చేశాడు. ముందుగా వినమని సీడీ కూడా పంపాడు.

బాబాయ్, నాకు ఊహ తెలిసేసరికి నాన్న డ్రమ్ములు ఇంట్లో లేవు. ఆయన వాయించడం నేనెప్పుడూ వినలేదు. నాన్న పోయిన ఏడేళ్ళకి, నలభై రెండేళ్ళ వయసులో, మొదటిసారి విన్నాను.

ఒక్క పని మిగిలింది. ఎవరు ఏం వాయించారో బతికున్న వాళ్ళలో ఒకరు ధ్రువీకరించి సంతకం పెట్టాలట. డెరిక్ గారు, మాక్ గారు, టోనీ గారు అందరూ వెళ్ళిపోయారు. మీరు బ్యాండులో లేకపోయినా వాళ్ళ వ్యాను నడిపారు, అన్ని కచేరీలకీ వెళ్ళారు. మీ సంతకం చాలన్నాడు ఫిన్లే. కాగితం, సీడీ రెండూ ఇందులో పెడుతున్నాను.

మీ అన్న కూతురు,
జనీన్

*

సండర్లాండ్,
20 జనవరి

జనీన్‌కి,

ఉత్తరం అందింది. నాకు రాయడం అంతగా రాదు. పదిహేనేళ్ళకే బడి మాని ఓడల యార్డులో చేరాను. ఎదురు ఫ్లాటు ఐవీ తప్పులు దిద్దుతానని సైగ చేసింది. నా తప్పులు నాకుండనీ అన్నాను.

నాకు చెవులు పోయింది డ్రమ్ముల వల్ల కాదు. ఇరవై రెండేళ్ళు ఓడ పొట్టలో కూర్చుని గాలి సుత్తితో ఇనప రేకులు కొట్టాను. అందులో కూర్చుని కొడితే మోగే చర్చి గంటలో తల పెట్టినట్టే. యార్డు మూసేశారు, మోత మాత్రం నాకే వదిలేశారు.

మా బిల్డింగులో లిఫ్టు నవంబరు నుంచి ఆగిపోయింది. నేనుండేది పదకొండో అంతస్తు. మోకాళ్ళు రెండూ పనికిరావు. క్రిస్మస్‌కి ముందు ఒకసారి దిగాను. ఎక్కడానికి గంటా పది నిమిషాలు పట్టింది, ఏడో అంతస్తు మెట్ల మీద కూర్చుని హ్యామ్ రొట్టె తిన్నాను. మళ్ళీ దిగలేదు. ఐవీ సరుకులు తెస్తుంది. ఆమెకి డెబ్భై ఎనిమిది. ఆమె దిగుతుంది, నేను దిగలేను. ఇదీ నా బతుకు.

కాగితం చూశాను. అందులో ముందే టైపు కొట్టేశారు. గొంతు, గిటార్ డెరిక్. రెండో గిటార్ టోనీ. బేస్ గిటార్ మాక్. డ్రమ్స్ లెన్ హెడ్లీ. అన్నీ వాళ్ళే రాసేసుకుని సంతకం ఎందుకు? ఈ దొంగ కాపీల వాళ్ళే నయం. ఎవడి సంతకమూ అడగలేదు.

నాకిప్పుడు సంతకం పెట్టే ఉద్దేశం లేదు. కారణం అడగొద్దు.

ఎర్నీ హెడ్లీ

*

ప్లిమత్,
2 ఫిబ్రవరి

బాబాయ్ గారికి,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. కారణం అడగొద్దన్నారు. అడగను. నా సంగతి మాత్రం చెబుతాను.

నేను సిటీ బస్సు నడుపుతాను. పొద్దున డిపోలో బండి బయటికి తీసేముందు పది నిమిషాలు దొరుకుతాయి. అప్పుడు వింటాను. పాటలకన్నా ఒక చోటు కోసమే ఎక్కువగా వింటాను. మూడో పాట మొదలవుతుంది, డ్రమ్ములు సగంలో తడబడి ఆగిపోతాయి. వెనక నుంచి ఒక గొంతు అరుస్తుంది: "ఆగండ్రా నాయనా! నా బూటు లేసు డ్రమ్ము పెడల్లో ఇరుక్కుంది!" జనం పడీపడీ నవ్వుతారు. డెరిక్ గారు మైకులో, "లేసు కట్టుకోవడం రానివాణ్ణి లండన్ తెచ్చాం, క్షమించండి" అంటారు. అంతే.

అది నాన్న గొంతు. పెద్దవాడయ్యాక ఉన్న గొంతు కాదు, కుర్రగొంతు. కానీ ఆ ఊరి యాస, "నాయనా" అని సాగదీయడం అన్నీ ఆయనవే. నా దగ్గర నాన్న గొంతు ఇంకెక్కడా లేదు. ఉన్న ఒక్క వీడియో అత్తయ్య పెళ్ళిది, అందులో ఆయన కేకు నములుతూ ఉంటాడు.

అమ్మ పోయి పదేళ్ళు. మీరు నాన్న అంత్యక్రియలకి రాలేదు. చర్చిలో ముందు వరసలో మీకోసం కుర్చీ ఉంచాను. పాదిరి గారు రెండుసార్లు నా వైపు చూశారు. రాలేదని తల అడ్డంగా ఊపాను. ఎందుకని మిమ్మల్ని ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు నాకొకటి అనిపిస్తోంది, తప్పయితే తిట్టండి. అన్న స్టేజీ మీద, తమ్ముడు స్టీరింగ్ ముందు. అది మీకు ఇప్పటికీ గుచ్చుకుంటోందా? చచ్చిపోయిన మనిషికి దక్కిన ఒక్క మంచి మాట మీద కూడా మీకు కోపం పోలేదా?

జనీన్

*

సండర్లాండ్,
9 ఫిబ్రవరి

జనీన్‌కి,

సంతకం పెట్టాను. కాగితం ఇందులోనే ఉంది. ఫిన్లేకి పంపించుకో.

స్టీరింగ్ ముందు కూర్చునేవాడికి కోపాలు ఎక్కువే. నిజమే రాశావు. నువ్వూ బస్సు నడుపుతావుగా, నీకు తెలిసే ఉంటుంది.

సీడీ ఐవీ తన పాటల పెట్టెలో పెట్టింది. ఆమె వింది, నేను పెట్టె మీద అరచెయ్యి ఆనించాను. మోత చేతికి తెలుస్తుంది. మూడో పాట అని ఐవీ వేళ్ళు చూపించింది. తడబడిన చోట నా చేతి కిందే ఆగింది. "ఎవరో లేసు గొడవ" అని కాగితం మీద రాసి చూపించి నవ్వింది. నేను నవ్వలేదు. టీ చల్లారిపోయిందని వంక చెప్పి మా ఫ్లాటుకి వచ్చేశాను.

పొద్దునపూట విను. కానీ బండి నడిపేటప్పుడు వినకు.

ఎర్నీ

*

ప్లిమత్,
30 ఏప్రిల్

బాబాయ్ గారికి,

రికార్డు వచ్చేసింది. వెయ్యి కాపీలు. నాకు మొదటి పది కాపీల్లో ఒకటి పంపారు. లోపల చిన్న పుస్తకం, ఫొటోలు, ప్రతి పాట గురించీ రెండు ముక్కలు. "డ్రమ్స్: లెన్ హెడ్లీ" అని చక్కగా అచ్చయింది. దాని కింద సన్న అక్షరాల్లో టేపు డబ్బా మీద ఉన్న తేదీ వేశారు. రేడియోలో వచ్చిన తేదీ కాదు. కచేరీ నిజంగా జరిగిన తేదీ.

9 మార్చి 1973.

అది నేను పుట్టిన రోజు బాబాయ్.

నా ప్రతి పుట్టినరోజుకీ నాన్న ఒకటే కథ చెప్పేవాడు. అమ్మకి నెల ముందే నొప్పులొచ్చాయని, ప్రాణం మీదికొచ్చిందని, ఆపరేషన్ గది బయట వరండాలో మధ్యాహ్నం నుంచి నిలబడే ఉన్నానని, నర్సు నన్ను తెచ్చి అమ్మకన్నా ముందు తన చేతుల్లోనే పెట్టిందని. వరండా గోడ ఆకుపచ్చ రంగని కూడా చెప్పేవాడు. నాకు పెళ్ళయినప్పుడు, అదే పెళ్ళి విడిపోయినప్పుడు, రెండుసార్లూ నా చెయ్యి పట్టుకుని ఆ కథే చెప్పాడు. "నిన్ను మొదట మోసింది నేనే" అని.

ఆ రోజు ఆయన సండర్లాండ్‌కి మూడు వందల మైళ్ళ దూరంలో, లండన్‌లో జోకులేస్తూ డ్రమ్ములు వాయిస్తున్నాడు.

ఇక పొద్దున వినడం మానేశాను. వింటుంటే జనం నవ్వు నా మీదే అనిపిస్తోంది. అమ్మ చావుబతుకుల్లో ఉంటే ఆయనకి లేసు గొడవ! మీరు ఆ రోజు వ్యాను నడిపారు. మీకు తెలుసు. ఆయన తర్వాతయినా వచ్చాడా? వస్తే ఎప్పుడొచ్చాడు? ఈసారి కారణం అడుగుతున్నాను. చెప్పండి.

జనీన్

*

సండర్లాండ్,
6 మే

జనీన్ తల్లీ,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు ఏం తినలేదు. రేడియోలో వచ్చిన తేదీయే వేస్తారనుకున్నాను. అందరికీ తెలిసిన తేదీ అదే. డబ్బా మీది తేదీ వేస్తారని నాకేం తెలుసు?

మీ నాన్న అబద్ధం చెప్పలేదు. ఆ రోజు డ్రమ్ములు వాయించింది నేను. ఆ గొంతు నాది. లేసూ నాదే.

జరిగింది చెబుతాను. పొద్దున ఆరింటికి వ్యానులో సామానంతా ఎక్కించాం. మీ నాన్న ముందు సీట్లో కూర్చున్నాడు. అప్పుడు పక్కింటావిడ ఏప్రన్‌తోనే వీధిలో పరుగెత్తుకొచ్చింది. "లెన్! మీ ఆవిడకి నెత్తురు పోతోంది!" అంది. మీ నాన్న ఇంకేం అడగలేదు. తలుపు కూడా వెయ్యకుండా దిగిపోయాడు. డెరిక్ తల పట్టుకున్నాడు. రేడియో వాళ్ళు మళ్ళీ పిలవరు. "ఎర్నీ, నువ్వే కూర్చో" అన్నాడు. క్లబ్బుల్లో మీ నాన్నకి ఒంట్లో బాగాలేనప్పుడల్లా నేనే కూర్చునేవాణ్ణి. పాటలన్నీ నాకొచ్చు.

వచ్చిన చిక్కల్లా కార్డు. అప్పట్లో వాయిద్యగాళ్ళ యూనియన్ కార్డు లేనివాడు రేడియోలో వాయించకూడదు. మీ నాన్నకి ఉంది. నాకు లేదు. వ్యాను డ్రైవరుకి ఆ కార్డెందుకు? థియేటర్లో కాగితం మీద లెన్ హెడ్లీ అని ముందే టైపు కొట్టి ఉంది. దాని కింద ఎల్. హెడ్లీ అని నేనే సంతకం పెట్టాను. బయటపడితే నలుగురికీ రేడియో తలుపులు మూసేస్తారు. అందుకని నోరు మూసుకున్నాం.

మీ నాన్న ఎప్పుడూ ఉత్త కాళ్ళతో వాయించేవాడు. నేను బండి నడిపే బూట్లతో వచ్చాను. అందుకే లేసు ఇరుక్కుంది. అన్నలాగే బూట్లిప్పేద్దామనుకున్నా, సాక్సుకి చిల్లు ఉంది, సిగ్గేసింది.

నాలుగో పాట అయ్యాక గుమ్మం దగ్గరి మనిషి డెరిక్‌కి చీటీ ఇచ్చాడు. డెరిక్ మైకు వదిలి నా దగ్గరికొచ్చి నువ్వు పుట్టావని చెప్పాడు. ఆస్పత్రి నుంచి మీ నాన్నే ఫోన్ చేశాడు. అది రేడియోలో రాలేదు, కోసేశారు. నేను డ్రమ్ముల మీద ఏదో వాయించాను. అదీ కోసేశారు.

ఏప్రిల్‌లో రేడియోలో వచ్చింది. "డ్రమ్స్ మీద లెన్ హెడ్లీ" అని అనౌన్సరు చదివాడు. యార్డంతా, క్లబ్బంతా మీ నాన్న వీపు చరిచింది. వాడు ఊరికే నవ్వేవాడు. బ్యాండు ఆ ఏడాదే విడిపోయింది. ఇంక భయపడాల్సింది లేదు. క్రిస్మస్‌కి క్లబ్బులో అందరి ముందూ అడిగాను. "ఇప్పుడు చెప్పరా అన్నా, ఎవరు వాయించారో." మీ నాన్న గ్లాసు వంక చూస్తూ, "ఎనిమిది నెలలు ఊరుకుని ఇప్పుడు చెబితే నన్నేమంటార్రా?" అన్నాడు, మెల్లగా. వినాల్సిన వాళ్ళెవరూ వినలేదు. "డ్రైవరుకి ఈర్ష్య రా" అన్నాడెవడో. అందరూ నవ్వారు. మీ నాన్న వాణ్ణి ఏమీ అనలేదు. నేను కోటు తీసుకుని వచ్చేశాను. మళ్ళీ మీ నాన్నతో మాట్లాడలేదు.

తర్వాత వాడు డ్రమ్ములు ముట్టుకోలేదని విన్నాను. ఎందుకో అప్పుడు తెలియలేదు. వాయిస్తే, "రేడియోలో అంత బాగా వాయించావే" అంటారు. అది వాడికి ఎంత బరువో ఇప్పుడు తెలుస్తోంది. నేను పదకొండో అంతస్తులో చిక్కుకున్నాను. వాడు ఆ ఒక్క కచేరీలో చిక్కుకుపోయాడు. అంత్యక్రియలకి నల్ల కోటు వేసుకుని బస్టాపు దాకా వచ్చాను. మూడు బస్సులు వెళ్ళిపోయాయి.

నేను జీవితంలో జనం ముందు సరిగ్గా చేసిన పని అదొక్కటే. నా పేరు దాని మీద ఉండాలని నలభై మూడేళ్ళుగా ఉంది. కానీ పొద్దున్నే నాన్న గొంతు వింటున్నానని నువ్వు రాశావు. అది లాక్కోవడానికి చెయ్యి రాలేదు. సంతకం పెట్టాను. పెడితే నీకు మంచే జరుగుతుందనుకున్నాను. చూడు ఏం చేశానో.

వరండా గోడ ఆకుపచ్చదే. మర్నాడు నేనూ చూశాను.

ఎర్నీ బాబాయ్

*

ప్లిమత్,
30 మే

బాబాయ్,

మొదటి వారమంతా మీ మీద మండిపడ్డాను. ఒక ఉత్తరంతో నాన్న గొంతు తీసేసుకున్నారు. నాన్నని తిరిగిచ్చింది కూడా ఆ ఉత్తరమే. దేనికి ఏడవాలో తెలియలేదు. మా డిపో మేనేజరు నా మొహం చూసి రెండు రోజులు సెలవిచ్చాడు.

తర్వాత ఫిన్లేకి ఫోన్ చేసి పేరు మార్చమన్నాను. పాపం మంచివాడే, కానీ కుదరదన్నాడు. "మేడమ్, 1973 కాగితం మీద లెన్ హెడ్లీ అని సంతకం ఉంది. మొన్న ఫిబ్రవరిలో వచ్చిన కాగితం మీదా లెన్ హెడ్లీయే వాయించాడని సంతకం ఉంది. రెండూ కాదనడానికి మీ దగ్గర ఏముంది?" అన్నాడు. రెండూ నువ్వే పెట్టావు బాబాయ్! నీ పేరు నువ్వే రెండుసార్లు కొట్టేసుకున్నావు.

ఫోన్ పెట్టేయబోతుంటే నీ ఉత్తరంలో ఒక ముక్క గుర్తొచ్చింది, కోసేశారని. కోయకముందు టేపు ఉందా అని అడిగాను. ఉందట! రేడియో వాళ్ళు కోసింది ప్రసారం చేసిన కాపీని. మొదటి రీలు అలాగే డబ్బాలో ఉందట. పాటల మధ్య ఖాళీలు ఎవరు వింటారని ఫిన్లే అటు చూడలేదు. అతను విని మర్నాడే సీడీ మీద ఎక్కించి నాకు పంపాడు. ఏమీ రాయలేదు, "నాలుగో పాట తర్వాత" అని మాత్రం రాశాడు.

విన్నది విన్నట్టు రాస్తున్నాను, నీకు వినపడదు కాబట్టి.

చప్పట్లు. బూట్ల చప్పుడు. డెరిక్ గారి గొంతు, మైకుకి దూరంగా: "ఎర్నీ! ఒరేయ్ ఎర్నీ! ఆడపిల్లట్రా! తల్లీ పిల్లా క్షేమం. లెన్‌గాడు ఫోన్లో ఒకటే ఏడుపట." వెంటనే నువ్వు: "ఏడవక ఏం చేస్తాడు, వాడికింక నిద్ర ఉండదుగా!" తర్వాత డ్రమ్ములు. ఏ పాటలోనూ లేనివి. పదకొండు సెకన్లు. లెక్కపెట్టాను. జనానికి ఎందుకో తెలియదు, అయినా చప్పట్లు కొట్టారు.

డెరిక్ గారు నీ పేరు రెండుసార్లు పిలిచారు. ఫిన్లే ఒప్పుకున్నాడు. కానీ అచ్చయిన వెయ్యీ దుకాణాలకి వెళ్ళిపోయాయి. మళ్ళీ వేస్తే మారుస్తామన్నాడు. ఇలాంటివి మళ్ళీ వెయ్యడం చాలా అరుదని కూడా అన్నాడు. నిజం దాచకుండా నీకు చెబుతున్నాను.

నేను పొద్దున్నే మళ్ళీ వింటున్నాను. లేసు దగ్గర ఇప్పుడు నేనూ నవ్వుతున్నాను.

జూన్ పద్దెనిమిదిన బయల్దేరి వస్తాను. లిఫ్టు బాగయినా కాకపోయినా.

నీ జనీన్

*

సండర్లాండ్,
5 జూన్

జనీన్ తల్లీ,

లిఫ్టు బాగవలేదు. సామాను వచ్చిందట, బిగించే మనిషి రాలేదట. ఏడో అంతస్తు మెట్లు వెడల్పుగా ఉంటాయి, అక్కడ కూర్చో. పరుగెత్తకు.

ఐవీ నీ ఉత్తరం గట్టిగా చదివేసింది, నాకు వినపడదని మర్చిపోయి. చదువుతూ చదువుతూ కళ్ళద్దాలు తీసేసింది. తర్వాత నేను చదువుకున్నాను. పదకొండు సెకన్లు రాశావు. నాకు అంతకన్నా ఎక్కువసేపు వాయించినట్టు గుర్తు.

ఆ కొత్త సీడీ తీసుకురా. ఐవీ పెట్టె ఉంది, నా చెయ్యి ఉంది.

పోనీలే, పేరుదేముంది అని రాయమంటావేమో. రాయను. నా పేరు నాకు కావాలి. వెయ్యీ వెళ్ళిపోతే పోనీ. నీ దగ్గర ఒకటుందిగా, అది తీసుకురా. డ్రమ్స్ అన్నచోట ఎర్నీ హెడ్లీ అని రాస్తాను. లెన్ పేరు కొట్టెయ్యను. దాని పక్కన "ఆ రోజు ఆస్పత్రి వరండాలో ఉన్నాడు" అని నువ్వు రాయి. నీ దస్తూరీ బాగుంటుంది. వాడు అక్కడున్నాడని కూడా ఎక్కడో ఒకచోట ఉండాలి కదా.

కింద సంతకం నేనే పెడతాను. రెండుసార్లు ఇంకొకడికి పెట్టాను. ఈసారి నాది.

మంచి పెన్ను తీసుకురా. నా దగ్గరున్నది ఈ ఉత్తరంతో ఆరిపోయేట్టుంది.

నీ బాబాయ్,
ఎర్నీ హెడ్లీ